ముసలి కుక్కకు, పిల్లికి చివరి నెలల్లో ఇంట్లోనే సేవ చేయడం ఎలా

“ఇక దీనికి నయం కాదు, ఉన్నన్నాళ్లు సుఖంగా చూసుకోండి” అని డాక్టరు చెప్పి పంపించిన రోజున, ఇంటికి వచ్చినవారు సాధారణంగా రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు ఆ మాట నమ్మలేక ఇంకో ఆసుపత్రికి, అక్కడి నుంచి మరో ఆసుపత్రికి తిప్పుతారు. మరికొందరు చేయగలిగింది ఇంకేమీ లేదనుకుని, వరండాలో ఒక మూల గోనెపట్టా పరిచి, పక్కన అన్నం గిన్నె పెట్టి, దాని ఆయుష్షు ఎంత ఉంటే అంత అని ఊరుకుంటారు. ఈ రెండింటికీ నడుమ చేయవలసిన పని చాలా ఉంది. రోగాన్ని తగ్గించలేకపోయినా రోగం పెట్టే బాధను తగ్గించే ఆ పనినే ఉపశమన చికిత్స అంటారు. మనుషుల విషయంలో దీనికి ఆధునిక రూపం ఇచ్చినవారు బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్. 1967లో ఆమె లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అంటే నయంకాని రోగులను చివరి దశలో చూసుకునే చోటును, ప్రారంభించారు. ఆ ఆలోచనే తరువాత పశువైద్యంలోకి వచ్చింది. మనుషుల హాస్పిస్‌లో నర్సులు చేసే పనిని ఇక్కడ ఇంటివాళ్లే చేయాలి. డాక్టరు దారి చూపుతారు గాని, రోజుకు ఇరవైనాలుగు గంటలు కనిపెట్టుకుని ఉండేది మీరే.

మా ఇంట్లో ఒక పొమేరియన్ 14 ఏళ్లు బతికింది. చివరి ఐదు నెలలు దానికి గుండె జబ్బు. ఇక్కడ చెప్పబోయేవాటిలో కొన్ని అప్పుడు సరిగ్గా చేసినవి, కొన్ని అప్పుడు తెలియక చేయనివి. రెండో రకమే ఎక్కువ.

ముందుగా డాక్టరుతో తేల్చుకోండి

సేవ మొదలుపెట్టే ముందు ఒకసారి కుక్కను ఇంట్లోనే ఉంచి, మీరొక్కరే డాక్టరు దగ్గరకు వెళ్లి పావుగంట సమయం అడిగి కూర్చోండి. బల్ల మీద అది వణుకుతూ ఉంటే మీరు అడగదలచుకున్నవి సగం మరిచిపోతారు. రోగం పేరేమిటి, అది ఏ దారిలో ముదురుతుంది, అర్ధరాత్రి రాగల ఆపదలు ఏవి, వస్తే మొదట ఇవ్వవలసిన మందు ఏది, ఆ సమయంలో ఎవరికి ఫోన్ చేయాలి, అవసరమైతే మీరు ఇంటికి వస్తారా అన్న ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి. మందుల మోతాదు ఈ నెల బరువును బట్టే ఉండాలి. జబ్బుపడిన కుక్క రెండు నెలల్లో బాగా చిక్కిపోతుంది కాబట్టి పాత చీటీలోని మోతాదు ఇప్పుడు ఎక్కువ కావచ్చు. బరువు చూడడానికి దానిని ఎత్తుకుని ఇంట్లోని త్రాసు మీద నిలబడి, తరువాత మీ బరువు తీసివేస్తే చాలు.

పెద్ద పరీక్షలు చేయించవలసి వస్తే పశువైద్య కళాశాలల ఆసుపత్రులు మంచి ఆధారం. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కళాశాలల్లో ఇవి ఉన్నాయి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పాటైనవి. వాటి మీదే ఆధారపడి అర్ధరాత్రి ఆపదకు సిద్ధంగా ఉన్నామనుకోవడం సరికాదు. మీ వీధికి దగ్గరలో, రాత్రి పదకొండు గంటలకు ఫోన్ ఎత్తే ఒక డాక్టరును ముందే చూసి పెట్టుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

మందులు వారం రోజులకు సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. ఒక పండుగ రోజు మా వీధిలో మందుల షాపులన్నీ మూసి ఉన్నప్పుడు, ఊపిరితిత్తుల్లో చేరే నీటిని తగ్గించే ఫ్యూరోసెమైడ్ మాత్రలు అయిపోయాయి. అది మనుషులకు కూడా ఇచ్చే మందే కాబట్టి పక్కింటి పెద్దాయన దగ్గర నాలుగు మాత్రలు దొరికాయి, డాక్టరును ఫోన్‌లో అడిగి వేశాము. ఆ మధ్యాహ్నమంతా అది మెడ చాచి కూర్చుని ఊపిరి కోసం పడిన అవస్థకు కారణం రోగం మాత్రమే కాదు, మా అజాగ్రత్త కూడా.

నొప్పిని కనిపెట్టండి

కుక్క మూలుగుతేనే నొప్పి ఉన్నట్లు అనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. కీళ్ల నొప్పులైనా, ఎముకల్లో పుట్టిన కణితైనా రోజుల తరబడి ఉండే నొప్పికి కుక్క సాధారణంగా అరవదు. పడుకోబోయే ముందు ఎక్కువసార్లు చుట్టూ తిరుగుతుంది, కూర్చోబోయి ఆగిపోతుంది, చల్లని పూట కూడా రొప్పుతుంది, ఒకే కాలిని ఆపకుండా నాకుతుంది, రాత్రి చోటు మార్చుకుంటూనే ఉంటుంది, పిల్లలు దగ్గరకు వస్తే ముఖం తిప్పుకుంటుంది. పిల్లి ఇంతకంటే గుట్టు మనిషి. అది మంచం కిందకో బీరువా వెనక్కో వెళ్లి దాక్కుంటుంది, ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మానేస్తుంది, ఎక్కే కిటికీ గట్టు ఎక్కదు. వయసు వచ్చింది కదా, నిదానించిందని మనం సరిపెట్టుకునే మార్పుల్లో చాలావరకు నొప్పివే. నొప్పి మందు వేసిన నాలుగో రోజున అదే కుక్క గేటు దాకా నడిచి వస్తే, అంతకుముందు కనిపించినది ఒట్టి ముసలితనం కాదని తెలుస్తుంది.

ఇక ఖచ్చితంగా పాటించవలసిన నియమం ఒకటి ఉంది. ఇంట్లో మనుషులు వాడే నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా వేయకూడదు. పిల్లికి పారాసెటమాల్ విషం, ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర దాని ప్రాణం తీయగలదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు పెట్టి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కుక్కలకు సాధారణంగా డాక్టర్లు రాసే మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ వంటి మందులైనా తిండి తిన్న తరువాతే వేయాలి. వాంతులు, నల్లని మలం కనిపిస్తే ఆపి డాక్టరుకు చెప్పాలి. ఈ తరహా మందులను స్టిరాయిడ్లతో కలిపి ఎన్నడూ వేయకూడదు. అందువల్ల ఒక డాక్టరు ఇచ్చిన మందుల చీటీని ఇంకో డాక్టరుకు తప్పక చూపించాలి. నరాల నొప్పికి రాసే గాబాపెంటిన్‌ను మనుషుల సిరప్ రూపంలో కొనేటప్పుడు అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో సీసా మీద చూడండి, అది కుక్కలకు విషం. ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది కాబట్టి డాక్టరు చీటీ లేకుండా దొరకదు, దొరకకూడదు కూడా.

మందును నొప్పి వచ్చినప్పుడు కాక గడియారం ప్రకారం వేయాలి. ఉదయం కాస్త చురుగ్గా కనిపించిందని ఆ పూట మాత్ర మానేస్తే, సాయంత్రానికి పెరిగిన నొప్పిని తగ్గించడానికి అంతకు రెట్టింపు కష్టపడవలసి వస్తుంది. మాత్రను ఇడ్లీ ముక్కలోనో, ఉడికించిన గుడ్డు పచ్చసొనలోనో దాచి ఇవ్వవచ్చు. ముందు ఒకటి రెండు ఖాళీ ముక్కలు పెట్టి, మాత్ర ఉన్నది నడుమ ఇచ్చి, వెంటనే మరొకటి చూపిస్తే నమలకుండా మింగుతుంది.

నొప్పిలో ఉన్న జంతువు తనను పెంచిన చేతినైనా కరవవచ్చు, దానికి కోపగించుకోకండి. అయితే కాటు పడితే, టీకాలు వేయించిన కుక్కే అయినా, గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

పడక, నేల, ఎండ

మన ఇళ్లలోని పాలరాతి, టైల్స్ నేల ముసలి కుక్కకు పెద్ద శత్రువు. వెనుక కాళ్లు జారి ఒకసారి పడిన కుక్క, మళ్లీ పడతానన్న భయంతో లేవడమే మానేస్తుంది. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి బయటి గుమ్మం దాకా, యోగా చాపలో కొబ్బరిపీచు పట్టాలో వరుసగా పరిచి ఒక బాట చేయండి. అరికాలి మెత్తల నడుమ పెరిగిన వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు తీయిస్తే పట్టు ఇంకా బాగుంటుంది. లేవలేనప్పుడు పాత తువ్వాలును పొట్ట కింద, వెనుక కాళ్లకు ముందుగా వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే, నడుము బరువు మీరు మోస్తారు, నడక అది నడుస్తుంది.

పడకకు నాలుగు మడతల బొంత చాలదు, లోపల మందమైన ఫోమ్ ఉండాలి. దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆ పైన రోజూ ఉతకగల నూలు దుప్పటి వేయండి. పడకను ఇంటి మూలన కాకుండా, మనుషులు తిరిగే హాల్లో, గేటు చప్పుడు వినిపించే చోట పెట్టండి. ఒంటరిగా వదిలేసిన గదిలో ఎంత మెత్తని పరుపు వేసినా దానికి కావలసినది అక్కడ ఉండదు.

మన ప్రాంతపు ఏప్రిల్, మే నెలలు ముసలి జంతువుకు ప్రాణాంతకం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి ఒంటి వేడి తగ్గించుకోవాలి. గుండె జబ్బో గొంతు నాళం బలహీనతో ఉన్న పొమేరియన్ వంటి చిన్న జాతులకు ఆ రొప్పడమే అదనపు శ్రమ. బయటకు తీసుకెళ్లడం తెల్లవారుజామునకు, పొద్దుగుంకిన తరువాతకు మార్చండి. కరెంటు పోయే ప్రాంతమైతే తడి తువ్వాళ్లు, గది కిటికీకి కట్టడానికి వట్టివేళ్ల తడక సిద్ధంగా ఉంచండి. తడి గుడ్డ పొట్టకు, అరికాళ్లకు అద్దాలి గాని ఒంటి నిండా కప్పి ఉంచకూడదు, అలా కప్పితే వేడి లోపలే నిలిచిపోతుంది.

తిండి, నీళ్లు

ఈ దశలో తిండి బలం కోసం కాదు, ఇష్టం కోసం. మూత్రపిండాల జబ్బుకో గుండెకో డాక్టరు చెప్పిన పథ్యం ఉన్నా, అది తినకుండా వదిలేస్తుంటే “ఇక ఏది తింటే అది పెట్టవచ్చునా?” అని డాక్టరును సూటిగా అడగండి. చాలా సందర్భాల్లో ఆకలితో ఉండే పథ్యం కంటే తినే పెరుగన్నం నయం. అయితే ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం ఏ దశలోనూ పెట్టకూడదు. మన ఇళ్లలో మిగిలిన కూర కలిపి పెట్టే అలవాటు వల్ల ఉల్లి, వెల్లుల్లి తెలియకుండానే దాని కడుపులోకి పోతాయి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసపు నీళ్లు గోరువెచ్చగా అన్నంలో కలిపితే వాసన పెరిగి, ముక్కు మందగించిన ముసలి జంతువుకు ఆకలి గుర్తుకు వస్తుంది. గిన్నెను నేల మీద కాకుండా భుజాల ఎత్తుకు పీట మీద పెట్టండి, మెడ వంచడమే నొప్పి కావచ్చు. పెట్టేది కొద్ది కొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి.

తినకపోవడానికి చాలాసార్లు కారణం వికారం. పెదవులు నాక్కోవడం, లాలాజలం కారడం, గిన్నె దగ్గరకు వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్లిపోవడం వికారానికి గుర్తులు. ఆండాన్‌సెట్రాన్, మరోపిటాంట్ వంటి వాంతి మందులు వేసిన తరువాత తినడం మొదలుపెట్టిన జంతువులు ఎన్నో ఉన్నాయి. కాబట్టి తినడం లేదు, ఇక అయిపోయిందని తేల్చుకునే ముందు వికారం సంగతి డాక్టరును అడగండి. పిల్లి విషయంలో ఆలస్యం పనికిరాదు, రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని అదే కొత్త ప్రాణాంతక జబ్బు అవుతుంది. ప్రేమ కొద్దీ సిరంజితో గంజి నోట్లో పోసేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: మింగలేని జంతువు నోట్లో బలవంతంగా పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల తిప్పుకుంటే ఆపేయండి.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. మెడ వెనుక చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోకుండా గుడారంలా నిలిచిపోయినా, చిగుళ్లు తడిలేక వేలికి అంటుకున్నా నీరు తగ్గిందని అర్థం. మూత్రపిండాలు చెడిన పిల్లులకు, కుక్కలకు డాక్టర్లు చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పుతారు. చూసినప్పుడు భయమనిపించినా ఇంట్లో చేసుకోగల పని ఇది. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ సంచిని గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి ఒంటి వేడికి తెచ్చి, సంచిని పైన తగిలించి, రెండు భుజాల నడుమ చర్మాన్ని గుడారంలా ఎత్తి, ఆ గుడారంలోకి కొత్త సూదిని గుచ్చాలి. చర్మం కింద బొబ్బలా ఉబ్బి, తరువాత ముందు కాలి వైపు జారి, కొన్ని గంటల్లో అణిగిపోతుంది. ఎంత, ఎన్ని రోజులకొకసారి అన్నది డాక్టరే చెప్పాలి. డెక్స్‌ట్రోజ్ (చక్కెర) కలిసిన సెలైన్ ఇలా ఎక్కించకూడదు. గుండె జబ్బు ఉన్న జంతువుకు సెలైనే ప్రమాదం, ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

ఒంటి శుభ్రత, పుండ్లు, పురుగులు

లేవలేని జంతువును పగలు కనీసం నాలుగు గంటలకొకసారి అటు పక్క నుంచి ఇటు పక్కకు తిప్పాలి. తిప్పేటప్పుడు కాళ్లు పట్టుకుని దొర్లించకుండా, ముందు దానిని ఛాతీ మీద కూర్చోబెట్టి ఆ తరువాత రెండో పక్కకు వాల్చండి. తుంటి, మోచేయి, భుజం ఎముకల దగ్గర వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడితే అది పుండుకు మొదటి మెట్టు. ఆ రోజే డాక్టరుకు ఫొటో పంపించండి.

మూత్రం, మలం అంటిన చోట గోరువెచ్చని నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో అద్ది, తోక కింద, తొడల నడుమ వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి ఉంచండి. డైపరు వాడితే తోకకు రంధ్రం చేసిన పిల్లల డైపరు చాలు. తడిసిన డైపరు గంటల తరబడి ఉంచితే డైపరు లేకపోవడమే మేలు. పక్షవాతం వచ్చి మూత్రాశయం తనంతట తాను ఖాళీ కాని కుక్కకు పొట్ట నొక్కి మూత్రం తీయించడం డాక్టరు దగ్గర చేత్తో చేసి నేర్చుకోవాలి. ఎంత వర్ణించినా చదివి నేర్చుకునేది కాదు అది. మగ పిల్లి మూత్రానికి పదేపదే కూర్చుని చుక్క కూడా పోయకపోతే తెల్లవారేదాకా ఆగకండి, నాళం పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది.

గది కడగడానికి ఫినాయిల్ మానేయండి. అందులోని ఫినాల్ జాతి రసాయనాలు పిల్లులకు విషం, పాదాలకు అంటినది నాకి లోపలికి తీసుకుంటాయి. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ కూడా పిల్లికి తగలకూడదు. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే చాలు.

వానాకాలంలో మన ప్రాంతంలో ఎదురయ్యే ఒక విషయాన్ని విదేశీ పుస్తకాలు అంతగా పట్టించుకోవు. కదలలేని జంతువు ఒంటి మీద చిన్న గాయమున్నా, మలం అంటిన చర్మమున్నా, ఈగలు గుడ్లు పెట్టి ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. దూరం నుంచి వెంట్రుకల కింద ఏమీ కనిపించదు, కుళ్లు వాసనతోనే తెలుస్తుంది. రోజూ ఒకసారి వెలుతురులో తోక కింద, చెవుల లోపల, కణితి చుట్టూ వెంట్రుకలు విడదీసి చూడండి. పడక చుట్టూ దోమతెర కట్టడం మంచి పద్ధతి. పురుగులు కనిపిస్తే కిరసనాయిలు, ఫినాయిల్, కర్పూరం పోయకండి. ఇంటింటా వినిపించే ఈ చిట్కాలు పచ్చి పుండును కాలుస్తాయి. పైగా కర్పూరం కుక్కకు విషం. ఇది డాక్టరు ఆ పూటే చేయవలసిన పని.

ఊపిరి లెక్కపెట్టండి

గుండె జబ్బు ఉన్న కుక్కకు ఇంట్లో చేయగల పరీక్షల్లో ఇంతకు మించినది లేదు, ఖర్చూ లేదు. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ పైకి లేచి కిందికి దిగడం ఒకటిగా లెక్కపెట్టి, నిమిషానికి ఎన్నిసార్లో రాసుకోండి. 30లోపు ఉండాలి. రోజూ 22, 24 ఉన్నది వరుసగా రెండు రోజులు 34, 38 అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైందని అనుమానించి, దగ్గు, ఆయాసం కనిపించేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. చిగుళ్లు గులాబి రంగులో ఉండాలి. నీలంగానో బూడిద రంగుగానో మారితే అది గంటల సంగతి కాదు, నిమిషాల సంగతి.

మూర్ఛ వస్తే నోట్లో వేళ్లు పెట్టకండి, చెంచా పెట్టకండి. మెట్లకు, గోడ అంచులకు దూరంగా జరిపి, లైట్లు తగ్గించి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా అత్యవసరం.

కొన్ని ముసలి కుక్కలు రాత్రిపూట గోడ వైపు చూస్తూ నిలబడతాయి, కారణం లేకుండా మొరుగుతాయి, తెలిసిన గదిలోనే దారి తప్పుతాయి. మెదడు మందగించడం వల్ల వచ్చే ఈ స్థితిలో తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. చిన్న లైటు వెలిగించి ఉంచండి, సామాన్లు చోటు మార్చకండి, పడుకునే ముందు మూత్రానికి తీసుకెళ్లండి. మందులూ ఉన్నాయి, అడగండి.

ఒక నోటుపుస్తకం పెట్టండి

పై పనులన్నిటికీ ఆధారం ఇదే, అయినా చాలామంది చేయనిది ఇదే. రోజూ దగ్గరుండి చూసేవారికి క్షీణత కనిపించదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉండదు, ఇవాళ్టికీ రేపటికీ ఉండదు, నెలకు మాత్రం అది సగమై ఉంటుంది. పైగా మనసు మనల్ని మోసం చేస్తుంది. ఉదయం రెండు ముద్దలు తిన్నది చూసి, రాత్రంతా మూలిగినది మరిచిపోతాం.

అమెరికాకు చెందిన జంతు క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో దీనికోసం ఒక కొలమానం తయారు చేశారు. అందులో ఏడు అంశాలు ఉన్నాయి: నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది. ఒక్కొక్కదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి, పది అంటే ఆ విషయంలో బాగుందని అర్థం (నొప్పి అదుపులో ఉంటేనే నొప్పికి ఎక్కువ మార్కులు). మొత్తం 35 దాటితే ఇంట్లో సేవ కొనసాగించదగిన స్థితి ఉన్నట్లు లెక్క. నొప్పి అనే అంశంలోనే ఊపిరి తీసుకోవడం కూడా చేరి ఉంది. ఊపిరి ఆడకపోవడాన్ని ఆమె నొప్పిలో అన్నిటికంటే పైన పెట్టారు, అది సరైనదే.

వారానికి రెండుసార్లు, ఇంట్లో ఇద్దరు ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా మార్కులు వేయండి. ఎక్కువగా చూసుకునేవారు ఎక్కువ వేస్తారు, సాయంత్రం వచ్చి చూసేవారు తక్కువ వేస్తారు. ఆ తేడా గురించి మాట్లాడుకోవడంలోనే సగం పని జరుగుతుంది. గోడ క్యాలెండరు మీద మంచి రోజుకు చుక్క, చెడ్డ రోజుకు అడ్డగీత పెట్టండి. దానితోపాటు, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో దానికి ఇష్టమైన మూడు పనులు ఇప్పుడే రాసి పెట్టండి. స్కూటరు చప్పుడుకు గేటు దగ్గరకు రావడం, పెరుగన్నం గిన్నె నాకడం, సాయంత్రం డాబా మీద కూర్చుని వీధిని చూడడం, ఇలా మీ కుక్కవి మీకే తెలుస్తాయి. అందులో రెండు పోయినప్పుడు డాక్టరుతో తరువాతి మాట మాట్లాడవలసిన సమయం వచ్చినట్లే.

ఇంట్లో మనుషుల సంగతి

ఈ సేవ ఒక్కరి వల్ల కాదు. రాత్రి రెండుసార్లు లేవడం, దుప్పట్లు ఉతకడం, మందుల వేళలు చూడడం నెలల తరబడి ఒక్కరి మీదే పడితే, వారికి విసుగు వస్తుంది, ఆ విసుగు వచ్చినందుకు వారికే సిగ్గు వేస్తుంది. పనులు పంచి రాసి పెట్టండి. పిల్లలకు అబద్ధం చెప్పకండి. ఊరికి పంపించామని చెబితే అది తిరిగి వస్తుందని గేటు దగ్గర ఎదురు చూస్తారు. నీళ్ల గిన్నె నింపడం వంటి చిన్న పని వారికి అప్పగించండి.

చివరి మాట ముందే మాట్లాడుకోండి

కారుణ్య మరణం మాట ఎత్తగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు “నోరులేని జీవాన్ని చంపిన ఉసురు మనకెందుకమ్మా, దాని ఆయుష్షు తీరాకే పోనీ” అంటారు. ఆ మాటను కొట్టిపారేయకండి, అందులో ప్రేమ ఉంది. వారి పక్కన కూర్చుని నోటుపుస్తకం చదివి వినిపించండి. సహజంగా పోనివ్వాలని నిర్ణయిస్తే అదీ సరైన దారి కావచ్చు, అయితే చివరి గంట దాకా నొప్పి మందు అందుతుండాలి. మందు ఆపేసి, డాక్టరును పిలవకుండా, మూలుగుతూ ఉంచడాన్ని సహజ మరణమని నేను ఒప్పుకోను. ఊపిరి ఆడక తూలిపడే రాత్రులు, మందుకు లొంగని నొప్పి, ఆగని మూర్ఛలు వచ్చినప్పుడు పెద్దవాళ్లు కూడా సాధారణంగా మాట మారుస్తారు. ఆ స్థితి దాకా తీసుకురావడమే అన్యాయం.

కారుణ్య మరణం అర్హత గల పశువైద్యుడే చేయాలి. సొంతంగా విషం పెట్టడం పాపం సంగతి అటుంచి నేరం కూడా. జంతువును క్రూరంగా చంపడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం శిక్షార్హం చేసింది. డాక్టరును ముందే మూడు విషయాలు అడగండి: ఇంటికి వచ్చి చేస్తారా, ముందుగా మత్తు ఇచ్చి పూర్తిగా స్పృహ పోయిన తరువాతే చివరి సూది వేస్తారా, ఆ సూదిలోని మందు ఏమిటి. మత్తుమందును ఎక్కువ మోతాదులో నరంలోకి ఇస్తే నిద్ర లోతై ఊపిరి, గుండె ఆగిపోతాయి. స్పృహలో ఉన్న జంతువుకు కండరాలను స్తంభింపజేసే మందో మెగ్నీషియం సల్ఫేటో నేరుగా ఎక్కిస్తే అది బయటకు కనిపించని హింస. మత్తు ముందుగా ఇవ్వనంటే వేరే డాక్టరును చూసుకోండి. డబ్బు లెక్క కూడా ముందు రోజే తేల్చుకోండి, ఆ క్షణంలో పర్సు తీయవలసిన అవసరం రాకూడదు.

ఆ రోజున దానికి ఇష్టమైన చోట, ఇష్టమైన దుప్పటి మీద పడుకోబెట్టండి. ఎవరు పక్కన ఉంటారో, ఎవరు ఉండలేరో ముందే చెప్పుకోండి, ఉండలేనివారిని బలవంతపెట్టకండి. సూది తరువాత కళ్లు తెరిచే ఉంటాయి. ఒకటి రెండు పెద్ద ఊపిర్లు, కండరాల్లో చిన్న అదురు, మూత్రం జారడం కనిపించవచ్చు. అవి బాధకు గుర్తులు కావు. తనంతట తాను పోయేటప్పుడు పాదాలు చల్లబడతాయి, ఊపిర్ల నడుమ ఖాళీ పెరుగుతుంది. ఎడమ మోచేయి వెనుక ఛాతీ మీద చేయి పెట్టి అయిదు నిమిషాలు చూడండి. గుండె చప్పుడు లేక, కంటిగుడ్డును మెల్లగా తాకినా రెప్ప కదలకపోతే అయిపోయినట్లు.

ఆ తరువాత

కొన్ని గంటల్లో ఒళ్లు బిగుసుకుంటుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. అంతకుముందే కాళ్లు ముడిచి, నిద్రపోతున్నట్లు చుట్టగా పడుకోబెట్టి, నోటి కింద, తోక కింద పాత గుడ్డలు పెట్టండి. తెల్లవారేదాకా ఉంచవలసి వస్తే ఐస్ సంచులను గుడ్డలో చుట్టి పొట్టకు ఆనించండి. ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే ఒకసారి దగ్గరకు రానివ్వండి. వాసన చూసి వెళ్లిపోయినా, లేకపోయినా అడ్డుపడకండి.

సొంత స్థలం ఉంటే బావికి, బోరుకు దూరంగా మూడు నాలుగు అడుగుల లోతున ప్లాస్టిక్ సంచి లేకుండా నూలు గుడ్డలో చుట్టి పూడ్చి, వీధికుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చండి. చివరి సూది వేయించిన శరీరాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఊరి బయట పారవేయకూడదు, ఆ మందు కళేబరంలో నిలిచి తిన్న జీవులను చంపుతుంది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల జాతినే తుడిచిపెట్టినంత పని చేసింది, అందుకే 2006లో మన దేశంలో పశువైద్యంలో దానిని నిషేధించారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు ముందే నగరపాలక సంస్థను అడిగి పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది.

మిగిలిన మందులను ఇంకో కుక్కకు దాచి పెట్టకండి, దాని బరువు వేరు, జబ్బు వేరు. విప్పని సెలైన్ సంచులు, డైపర్లు, ఫోమ్ పడక మీ డాక్టరు దగ్గర ఇస్తే అదే రోజున ఇంకొకరికి అవసరపడతాయి. వాడిన సూదులను మాత్రం మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి క్లినిక్‌కే తిరిగి ఇవ్వండి. చెత్త ఏరేవారి చేతులకు అవి గుచ్చుకోకూడదు.